హక్కు, రైతు, సర్కారు: ఆఫ్రికా అద్దంలో మా బందరు

ఈ దేశంలో ముస్లింగా పుట్టినవాడు జవాబు చెప్పీ చెప్పీ అలిసిపోయిన ప్రశ్న ఒకటుంది. "మీరు అసలు ఎక్కడివాళ్లు?" బందరులో అద్దె ఇంటికోసం తిరిగినా, గుడివాడలో చదువుకోడానికి చేరినా, అవనిగడ్డలో ఉద్యోగానికి వెళ్లినా ఈ ప్రశ్న మాకంటే ముందే అక్కడికి చేరి కూచుంటుంది. కృష్ణా జిల్లా అంటే నవ్వుతారు. "అది సరే, అంతకుముందు?" అంటారు. అంతకుముందు కూడా కృష్ణా జిల్లాయే అంటే నమ్మరు. అరబ్బు దేశమో, పర్షియానో, కనీసం ఢిల్లీయో చెప్తే గానీ వాళ్లకి తృప్తి ఉండదు.

ఈ ప్రశ్న మా ఒక్కళ్లదే అనుకున్నంతకాలం దీన్ని మా ఖర్మ అనుకున్నాం. ఆఫ్రికా చరిత్ర చదివాక అర్థమైంది, ఇది ఖర్మ కాదు, వలసపాలన వదిలిపోయిన వారసత్వం అని. తెల్లవాడు జెండా దించుకుని వెళ్లిపోయిన మరునాడు ప్రతి దేశంలోనూ ఇదే ప్రశ్న లేచింది. ఈ నేల ఎవరిది? ఎవరు సొంతవాళ్లు, ఎవరు వచ్చినవాళ్లు? దానికి ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పింది. కొన్ని జవాబులకి నెత్తురు పారింది. కొన్ని జవాబుల దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది.

ఆఫ్రికా ఎక్కడ, దివిసీమ ఎక్కడ అనకండి. మన డెల్టాకి ఆఫ్రికాతో ఉన్న చుట్టరికం ఇస్లాం కంటే పాతది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఈజిప్టునుంచి ఎర్రసముద్రం మీదుగా వ్యాపారం చేసిన ఒక గ్రీకు నావికుడు 'పెరిప్లస్' అనే పుస్తకం రాశాడు. అదే పుస్తకంలో ఆఫ్రికా తూర్పుతీరపు రేవులూ ఉన్నాయి, 'మసాలియా' పేరుతో మన తీరమూ, ఇక్కడ నేసే నూలుబట్టా ఉన్నాయి. రెండో శతాబ్దంలో ఆఫ్రికా గడ్డమీది అలెగ్జాండ్రియాలో కూచుని టాలెమీ కృష్ణానదికి 'మైసోలస్' అని పేరు రాశాడు. ఆయన చెప్పిన 'కొంటకొస్సిల' మన ఘంటసాలే అని పండితులు అంటారు. ఘంటసాల పక్కనే, కృష్ణ ఒడ్డున, ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, మా దివి శ్రీకాకుళం. శాతవాహనుల తొలి రాజధాని అని జనం చెప్పుకునే ఊరు. అంటే తెలుగువాడి ప్రాచీన వైభవం అని మనం గొప్పగా చెప్పుకునేదానికి తొలి సాక్షుల్లో ఇద్దరు ఆఫ్రికా రేవులనుంచి మాట్లాడినవాళ్లే. సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి 'బయటివాళ్లు' అనే మాట ఎప్పుడూ సరిగ్గా అతకదు.

బందరు పేరే చూడండి. బందర్ అంటే పారశీకంలో రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజ్యానికి సముద్రద్వారం ఇదే. ఇరాన్‌కీ, మక్కా దారిలోని అరబ్బు రేవులకీ ఓడలు ఇక్కడినుంచి పోయేవి. 1605లో డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం పేర్లు ఇప్పటికీ ఆ సంగతి చెప్తూనే ఉన్నాయి. ఈ పేటల్లో ఉండేవాళ్లని మాత్రం ఎవరూ "మీరు హాలండునుంచి వచ్చారా?" అని అడగరు. ఆ ప్రశ్న మా గల్లీలకే అట్టిపెట్టారు.

ఈ వ్యాపారానికి ఒక చీకటి ముఖం ఉంది. కోరమాండల్ తీరపు నేతబట్టలు యూరపుకి పోయి, అక్కడినుంచి పశ్చిమాఫ్రికా రేవులకి పోయేవి. 'గినీ బట్ట' అని ఒక రకానికి పేరే పెట్టారు. ఆ బట్ట ఇచ్చి అక్కడ మనుషుల్ని కొన్నారు. అమెరికా తోటలకి తరలిన నల్లజాతి బానిస వెలలో మన తీరపు సాలెవాడి చెమట కూడా కలిసి ఉంది. వాడికి ఆ సంగతి తెలియదు. మగ్గం గుంటలో కూచున్నవాడికి దాదనీ సొమ్ము ఇచ్చిన దళారి తెలుసు గానీ, సముద్రం అవతల ఆ గుడ్డకి ఎవరు అమ్ముడుపోయారో ఎలా తెలుస్తుంది? వలసవాదం గొప్పతనం అదే. దోపిడీకి గురైన ఇద్దర్ని ఒకరికొకరు కనపడకుండా ఒకే తాడుతో కట్టేస్తుంది.

మనుషులు కూడా పోయారు. పదిహేడో శతాబ్దపు కరువుల్లో డచ్చి కంపెనీ ఈ తీరంనుంచి ఆకలిజనాన్ని వేల లెక్కన కొని తన వలసలకి తోలింది. 1652లో ఆఫ్రికా దక్షిణపు కొసన కేప్ వలస పెట్టాక అక్కడికి చేరిన బానిసల్లో బెంగాలువాళ్లు, మలబారువాళ్లు, జావావాళ్లతోపాటు కోరమాండల్‌వాళ్లూ ఉన్నారు. యజమాని పెట్టిన పేరు చివర ఊరిపేరుకి బదులు తీరం పేరు తగిలించేవారు. వాళ్ల సంతానంలో చాలామంది కేప్ ముస్లింలయ్యారు. 'కేప్ మలే'లు అని ఒక ముద్ర వేసేశారు గానీ వాళ్ల నెత్తుట్లో మన బంగాళాఖాతం కూడా ఉంది.

ఈ కేప్ ముస్లింలు చేసిన పని ఒకటి భాష తెలిసినవాళ్లందరూ తెలుసుకోవాలి. డచ్చి యజమానుల భాషా, బానిసల భాషలూ కలిసి అక్కడ ఆఫ్రికాన్స్ పుట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ భాషని తొలిరోజుల్లోనే పుస్తకాలకెక్కించిన వాళ్లలో మదరసాల్లోని ముస్లింలున్నారు. రాసింది అరబ్బీ లిపిలో. తర్వాత తెల్లవాళ్లు దాన్ని 'మా జాతిభాష' అన్నారు. జాత్యహంకార ప్రభుత్వం దాన్ని నల్లపిల్లల నోట్లో కుక్కబోతే 1976లో సోవెటో భగ్గుమంది. బానిసల నోట పెరిగిన భాషని యజమాని కబ్జా చేసి, చివరికి వాళ్ల మనవల మీదే కొరడాగా వాడాడు. "ఉర్దూ మీది, తెలుగు మాది" అని పంచేవాళ్లు ఈ కథ ఒకసారి వినాలి. తెలుగు మాదీ. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మాకు రెండు నాలుకలు లేవు. ఉన్నది ఒకటే నాలుక, దానికి రెండు రుచులు తెలుసు.

బానిసత్వం రద్దయ్యాక కూలీ ఒప్పందం వచ్చింది. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసునుంచి డర్బన్ చేరింది. 1911లో ఆగేదాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు నటాల్ చెరకుతోటలకి పోయారు. ఎక్కువమంది మద్రాసు రాజధానివాళ్లే. అందులో తెలుగు జిల్లాలవాళ్లు చాలామంది. వాళ్ల మనవలే 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ కూలీ ఓడల్లో ముస్లింలూ ఉన్నారు. చరిత్ర పుస్తకాల్లో నటాల్ ముస్లిం అంటే గుజరాతీ సేఠే కనిపిస్తాడు. గాంధీని పిలిపించింది దాదా అబ్దుల్లా కంపెనీ కాబట్టి ఆయన పేరు మిగిలింది. చెరకు నరికిన ముస్లిం పేరు మిగల్లేదు. ఒక్క బాద్షా పీర్ పేరు మిగిలింది. కూలీగా వచ్చాడని జనం చెప్పుకునే ఆ ఫకీరు దర్గా డర్బన్‌లో ఉంది.

ఆ కూలీలకి ఏడాదికి ఒకసారి దొరికిన పెద్ద సెలవు మొహర్రం. హిందువులూ, ముస్లింలూ కలిసి తాజియాలు ఎత్తేవారు, పులివేషాలు కట్టేవారు. తోటల దొరలు దాన్ని 'కూలీల క్రిస్మస్' అని వెక్కిరించారు. మాకది వెక్కిరింత అనిపించదు. మన పల్లెల్లో పీర్ల పండగ అంటే అదే కదా! పీరుని ఎత్తుకునేది ఎవరు, అగ్నిగుండం తొక్కేది ఎవరు, మొక్కుకి మలీదా తెచ్చేది ఎవరు? సగం ఊరు. ఈ పండగని సముద్రం దాటించింది సేఠ్‌లు కాదు, మౌల్వీలు కాదు. మన కూలిజనం తమ ఇస్లాంనీ తమ ఊరినీ విడదీయకుండా మూటగట్టుకుని పోయింది.

డెల్టానుంచి ఆఫ్రికా వెళ్లిన మరో మనిషిని అందరూ ఎరుగుదురు. దివిసీమకి దగ్గరలోని భట్లపెనుమర్రులో 1876లో పుట్టిన పింగళి వెంకయ్య. ఇంగ్లీషువాళ్ల సైన్యంలో చేరి బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా పోయారు. ఆఫ్రికా నేల కోసం రెండు తెల్లజాతులు కొట్టుకుంటే మన డెల్టా కుర్రాడు తుపాకీ మోశాడు. అక్కడే గాంధీ పరిచయమైందంటారు. తిరిగొచ్చి బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో గాంధీకి చూపించిన జెండాలో ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి. తక్కిన మతాలవాళ్ల కోసం తెలుపు చేర్చమన్నారు గాంధీ. 1931లో కాంగ్రెసు రంగులు సవరించి, వాటికి మతాలతో సంబంధం లేదని తీర్మానించింది. ఎరుపుకి బదులు కాషాయం వచ్చింది. ఆకుపచ్చ మాత్రం అలాగే ఉంది. మేము అడిగేది ఒకటే. బందరు మాస్టారు జెండాలో మాకు చోటుపెట్టినప్పుడు మేము ఎక్కడినుంచి వచ్చామని అడగలేదు. ఇప్పుడు ఆ జెండా పట్టుకుని మా గల్లీలోకొచ్చి అడిగేవాళ్లు ఎవరు?

ఇక స్వాతంత్ర్యాల సంగతి. 1957 మార్చి 6న ఘనా. 1960 ఒక్క ఏడాదిలో పదిహేడు దేశాలు. 1962లో, దాదాపు ఎనిమిదేళ్ల యుద్ధం తర్వాత అల్జీరియా. 1963లో కెన్యా. 1975లో అంగోలా, మొజాంబిక్. 1980లో జింబాబ్వే. 1990లో నమీబియా. 1994లో దక్షిణాఫ్రికా ఓటు. అంతకుముందు 1955లో బాండుంగ్‌లో ఆసియా, ఆఫ్రికా దేశాలు ఒకచోట కూచున్నప్పుడు లోకం మారిపోతుందనే అనుకున్నారు.

మారింది, కానీ సగమే. 1884–85లో బెర్లిన్‌లో యూరపు రాజ్యాలు సమావేశం పెట్టి ఆఫ్రికాని పంచుకునే నియమాలు రాసుకున్నాయి. ఆ బల్ల దగ్గర ఒక్క ఆఫ్రికన్ లేడు. తర్వాత గీసిన గీతలే దేశాలయ్యాయి. 1964లో కైరోలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఆ సరిహద్దుల్నే ఒప్పుకోక తప్పలేదు. కదిపితే అన్నీ కదులుతాయన్న భయం. కాంగోలో లుముంబా గెలిచిన ఏడు నెలలకే, 1961 జనవరిలో చంపేశారు. జెండా మారింది, గనుల తాళాలు మారలేదు.

సరిహద్దు గీతలకంటే భయంకరమైనవి మనుషుల మధ్య గీసిన గీతలు. రువాండాలో హుటూలు, టుట్సీలు ఒకే భాష మాట్లాడతారు, ఒకే కొండలమీద బతుకుతారు. 1930లలో బెల్జియంవాళ్లు ప్రతి మనిషికీ కార్డు ఇచ్చి అందులో జాతి రాశారు. 1962లో బెల్జియం పోయింది. కార్డు ఉండిపోయింది. 1994లో వంద రోజుల్లో సుమారు ఎనిమిది లక్షలమందిని చంపినప్పుడు రోడ్లమీద ఆపి చూసింది ఆ కార్డే. అప్పుడు చాలాచోట్ల అక్కడి చిన్న ముస్లిం సమాజం తలుపులు తెరిచి పక్కవాళ్లని దాచింది. హుటూనా, టుట్సీనా అని అడగలేదు. అదీ చరిత్రలో ఉంది. మన దగ్గర ఇంగ్లీషువాడు జనాభా లెక్కల్లో మతం గడులు గీశాడు. ఆ గడుల్లో పుట్టిన పగ ఎంతదూరం పోతుందో 1947 చూపించింది. ఆ గడుల్ని దాటి చూడడం మనకింకా అలవాటు కాలేదు.

జాంజిబార్‌కి 1963 డిసెంబరులో స్వాతంత్ర్యం వచ్చింది. నెల దాటీ దాటగానే, 1964 జనవరి 12న తిరుగుబాటు. వేలమంది అరబ్బులు చచ్చిపోయారు, భారతీయులూ దెబ్బతిన్నారు. చంపినవాళ్లలో, చచ్చినవాళ్లలో ముస్లింలే ఎక్కువ. "ముస్లింలంతా ఒకటే" అనేవాళ్లు, మాలోనైనా బయటైనా, ఈ ఊచకోతకి ఏం అర్థం చెప్తారు? లవంగతోటలు ఎవరివి, కూలి ఎవరిది అన్నది మతంకంటే బలంగా మాట్లాడింది.

ఉగాండాలో 1972 ఆగస్టులో ఇదీ అమీన్ ఆసియావాళ్లకి తొంభై రోజుల గడువు ఇచ్చాడు. యాభై వేలమందికి పైగా కట్టుబట్టలతో పోయారు. అమీన్ ముస్లిం. పోయినవాళ్లలో ఇస్మాయిలీలు, ఇతర ముస్లింలు ఎందరో. మేము ఇక్కడ మా పక్షాన ఏడ్చి ఊరుకోదలుచుకోలేదు. అక్కడి ఆఫ్రికన్ల కోపానికి ఆధారం లేకపోలేదు. పైన తెల్లవాడు, కింద నల్లవాడు, మధ్య దుకాణంలో మనవాడు. పత్తి కొనేదీ, అప్పు ఇచ్చేదీ, తూకం వేసేదీ మనవాడే. తెల్లవాడి అంతస్తు దూరంగా కనపడదు, దుకాణం గల్లా రోజూ కనపడుతుంది. మనవాళ్లలో చాలామంది నల్లవాడిని పక్కన కూచోనివ్వలేదు. కానీ తూకంలో మోసం చేసినవాడినీ, ఆ ఊళ్లోనే పుట్టి బడిలో పాఠాలు చెప్పుకునేవాడినీ ఒకే రైలెక్కిస్తే అది న్యాయం కాదు. గల్లా గుంజుకున్నది అమీన్ సైన్యాధికారులు. పత్తి రైతుకి దక్కింది లేదు. అల్పసంఖ్యాకుల్ని తరిమితే పేదవాడి కడుపు నిండుతుందని చెప్పిన ప్రతి ప్రభుత్వమూ ఇదే పని చేసింది.

ఇంకో జవాబు టాంగన్యికా చెప్పింది. 1961లో, స్వాతంత్ర్యానికి కొద్ది వారాల ముందు, పౌరసత్వం నల్లవాళ్లకే ఇవ్వాలని శాసనసభలో గొడవ లేచింది. జూలియస్ నైరేరే ఒప్పుకోలేదు. ఒంటిరంగుని బట్టి పౌరసత్వం ఇస్తే నేను రాజీనామా చేస్తానన్నాడు. ఆయన నెగ్గాడు. ఆయన మంత్రివర్గంలో అమీర్ జమాల్ అనే భారత మూలపు ముస్లిం ఏళ్ల తరబడి ఆర్థికమంత్రిగా పనిచేశాడు. 2019లో మన పార్లమెంటు పౌరసత్వ చట్టం సవరించి మూడు దేశాలనుంచి వచ్చిన ఆరు మతాలవాళ్లకి దారి తెరిచి ముస్లింల పేరు వదిలేసినప్పుడు మాకు నైరేరే గుర్తొచ్చాడు. బీదదేశం, కొత్త దేశం, ఉన్నది కొద్దిమంది పట్టభద్రులు. అయినా పౌరసత్వానికి పుట్టుక గుర్తు అంటనివ్వకూడదన్న సంగతి ఆ దేశానికి మొదటిరోజే తెలుసు.

నైరేరే కాథలిక్కు. కానీ జాతీయభాషగా ఎత్తుకున్నది స్వాహిలీని. ముస్లిం తీరప్రాంతంలో పెరిగిన భాష, ఒకప్పుడు అరబ్బీ లిపిలో రాసిన భాష, నిండా అరబ్బీ మాటలున్న భాష. "ఇది తురకభాష, మాకొద్దు" అని ఆయన అనలేదు. షేక్‌స్పియర్‌ని అందులోకి తనే అనువదించాడు. ఆ స్వాహిలీ మాటలు కొన్ని వినండి. రేవు బందారి, అది మన బందరు. దుకాణం దుకా. వకీలు వకీలి. హక్కు హకి. ప్రభుత్వం సెరికాలి, అది మన సర్కారు. అన్నిటికంటే మాకు నచ్చింది రాయియా. మన 'రైతు'కీ దానికీ తల్లి ఒకటే అరబ్బీ మాట. మన దగ్గర ఆ మాట నాగలి పట్టినవాడి పేరైంది. స్వాహిలీలో అదే మాటకి అర్థం పౌరుడు. డెల్టాలో ఏ కమ్మ రైతునో, కాపు రైతునో పిలిచి "అయ్యా, మీ కులవృత్తికి పేరు అరబ్బీనుంచి వచ్చింది, మీరెక్కడివాళ్లు?" అని మేము ఎప్పుడూ అడగలేదు. అడగం కూడా. మాట నేలలో వేరుపట్టాక అది ఆ నేలదే. మనిషి సంగతీ అంతే.

ఇదంతా చెప్పి మా ఇంటివైపు చూసుకోకపోతే ఇది వకీలు వాదనే అవుతుంది. ఆఫ్రికా మన మధ్యనే బతుకుతోంది. దక్కనుని ఏలిన మొనగాళ్లలో ఇథియోపియానుంచి బానిసగా వచ్చిన మలిక్ అంబర్ ఒకడు. 1626లో చనిపోయేదాకా మొగలుల్ని నిద్రపోనివ్వలేదు. హైదరాబాదులో హబ్సిగూడా, సిద్దిఅంబర్ బజారు పేర్లు ఊరికే రాలేదు. ఏసీ గార్డ్స్ అంటే నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం ఉన్న పేట. 1948లో సంస్థానం పోయింది, ఆ సైన్యం రద్దయింది. సిద్దీల చేతిలో గుర్రం లేదు, భూమి లేదు, చదువు లేదు. మిగిలింది మర్ఫా వాయిద్యం. హిందువుల పెళ్లికైనా, ముస్లింల పెళ్లికైనా ఆ దరువు లేకపోతే బరాత్ కదలదు. దరువు కావాలి, దరువు వేసినవాడికి పిల్లనివ్వం. 'హబ్షీ' అన్న మాటని తిట్టుగా వాడేది ఎవరు? మన ఇళ్లలోనే. బిలాల్ రజియల్లాహు అన్హు పేరు మసీదులో భక్తిగా తలుచుకుని, గల్లీలోకి వచ్చి నల్లగా ఉన్న పిల్లకి సంబంధం కుదరదంటాం. సయ్యద్‌లమని, పఠాన్‌లమని చెప్పుకునేవాళ్లం దూదేకుల వాళ్లని ఎక్కడ నిలబెట్టామో, సిద్దీలనీ అక్కడే నిలబెట్టాం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీసీ-ఇ జాబితా తయారుచేస్తే అందులోని పద్నాలుగు పేర్లలో సిద్ది, యాబ, హబ్షి, జసి అని ఒక గడి ఉంది. కర్ణాటకలో సిద్దీలు షెడ్యూల్డు తెగ, ఇక్కడ కారు. ఆ జాబితా మీద కోర్టుల్లో వాదన నడిచినప్పుడు మేము నాలుగు శాతం గురించి మాట్లాడాం. ఆ గడిలో ఉన్నవాళ్ల గురించి ఎంత మాట్లాడాం?

అరబ్బు పూర్వీకుణ్ణి వెతుక్కునే ముస్లిం, "మీరెక్కడివాళ్లు" అని అడిగే హిందువుకి తెలియకుండానే సాయం చేస్తున్నాడు. ఇద్దరూ ఒకే మాట నమ్ముతున్నారు, వంశం బయటిదైతే గొప్పో తక్కువో అని. డెల్టా ముస్లింలో అత్యధికులు ఇక్కడి సాలెలు, దూదేకులవాళ్లు, జాలరులు, కసాయిలు, కూలీలు. ఇక్కడి అంటరానితనంనుంచి తప్పుకుని కలిమా చదివినవాళ్లు. మా చరిత్ర రాజుల గుర్రాలమీద రాలేదు. వచ్చినవాళ్లు కొందరున్నారు, ఉండనివ్వండి. వాళ్లదీ ఈ నేలే.

1949లో డర్బన్‌లో నల్లవాళ్లకీ భారతీయులకీ మధ్య అల్లర్లు జరిగి 142 మంది చనిపోయారు. ఎక్కువమంది నల్లవాళ్లే. పాలకులు సంతోషించారు. అప్పటికి రెండేళ్ల ముందే, 1947 మార్చిలో, ముగ్గురు డాక్టర్లు ఒక కాగితం మీద సంతకాలు పెట్టి ఉన్నారు. జుమా అనే ఆఫ్రికన్, నాయకర్ అనే తమిళుడు, యూసుఫ్ దాదూ అనే ముస్లిం. కలిసి పోరాడతామన్న ఒప్పందం అది. అల్లర్లు జరిగినా ఆ కాగితాన్ని చింపలేదు. 1955లో వాళ్ల సంస్థలన్నీ కలిసి, ఆ దేశం అందులో బతికేవాళ్లందరిదీ అని తీర్మానించాయి. అహ్మద్ కథ్రాడా మండేలాతో పాటు ఇరవై ఆరేళ్లు జైల్లో ఉన్నాడు. కేప్‌టౌన్ ఇమామ్ అబ్దుల్లా హారూన్ 1969లో పోలీసు నిర్బంధంలో చచ్చిపోయాడు. మెట్లమీదనుంచి పడ్డాడన్నారు. చిత్రహింసల వల్లే చనిపోయాడని కోర్టు ఒప్పుకోడానికి 2023 దాకా పట్టింది. ఆయన శవయాత్రలో వేలమంది నడిచారు. ఆయన తనవాళ్ల కోసమే చచ్చిపోయి ఉంటే ఆ దేశం ఆయన్ని గుర్తుపెట్టుకునేది కాదు. నల్లవాళ్ల పేటలకి వెళ్లినందుకు చంపారు, అందుకే గుర్తుపెట్టుకుంది.

మాకు ఆఫ్రికా చెప్పిన పాఠం ఇదే. నేలమీద హక్కు పాత దస్తావేజుల్లో దొరకదు, తాత పేరులో దొరకదు. ఆ నేలమీద అణిగినవాడి పక్కన నిలబడ్డప్పుడు దొరుకుతుంది. దళితుడి పక్కన, మత్స్యకారుడి పక్కన, కౌలురైతు పక్కన, సిద్దీ పక్కన మేము నిలబడాలి. మా పక్కన వాళ్లూ నిలబడాలి. రాయియా అంటే పౌరుడని టాంజానియాలో బడిపిల్లలకి తెలుసు. రైతుకీ, కూలీకీ, ముస్లింకీ ఆ మాట పూర్తి అర్థంతో దక్కేదాకా మన స్వాతంత్ర్యంలో సగం పని మిగిలే ఉంటుంది.